చెట్టు బెరడు చెప్పే మాట

మదురకు పడమటగా, పడమటి కనుమల అడుగున కంబం లోయ ఉన్నది. ఒకప్పుడు మదుర జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1996లో ఏర్పడిన తేని జిల్లాలో చేరింది. కేరళ వైపుకు పారే పెరియారు నదికి 1895లో ఆనకట్ట కట్టి, కొండను తొలిచి, ఆ నీటిని ఈ లోయలోకి మళ్లించారు. ఆ నీటితో ఇక్కడ వరిమళ్లు, కొబ్బరితోటలు, పన్నీరు ద్రాక్ష పందిళ్లు కళకళలాడుతున్నాయి. విజయనగర రాజుల కాలంలోను, మదుర నాయక రాజుల కాలంలోను వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం వారికి అలవాటు. అందుచేత ఇక్కడి పిల్లలకు ఒక్కొక్క చెట్టుకు రెండేసి పేర్లు తెలుసు. ఇంటిలో వేప, బయట వేంబు. ఇంటిలో కానుగ, బయట పుంగం.

వీధుల వెంబడి, బడి ఆవరణలలో, గుడి ముంగిట నీడ కోసం, అందం కోసం చెట్లను పెంచుతారు. ఎర్రని పూల తురాయి, పసుపు పూల పచ్చతురాయి, గొడుగువలె విస్తరించే నిద్రగన్నేరు, సువాసన వెదజల్లే పొగడ, దేవగన్నేరు ఇటువంటివి. ఈ చెట్ల మొదళ్లను దగ్గరగా చూస్తే ఎన్నో వింతలు కనబడతాయి. ఒకచోట బూడిదరంగు మచ్చలు, మరొకచోట తెల్లని దూది వంటి ముద్దలు, ఇంకొకచోట విసనకర్ర ఆకారంలో గట్టి పుట్టగొడుగులు ఉంటాయి.

వీటిని చూసినప్పుడు చాలామంది పొరబడతారు. తెల్లమచ్చలున్న చెట్టును చూసి, “దీనికి తెగులు పట్టింది” అని కత్తితో బెరడు గీకుతారు. కొందరు కిరసనాయిలు పూస్తారు. ఆ పక్కనే మరొక చెట్టు అడుగున మెరిసే పుట్టగొడుగు ఉంటే, “ఎంత అందంగా ఉన్నదో!” అని చూసి వెళ్లిపోతారు. నిజానికి మచ్చలున్న చెట్టు ఆరోగ్యంగా ఉండవచ్చు. పుట్టగొడుగున్న చెట్టు వచ్చే గాలివానకు కూలిపోవచ్చు. అందుచేత బెరడు మీద ఏది హాని చేసేది, ఏది చేయనిది అని గుర్తించడం అవసరం.

బెరడు పని

మనిషికి చర్మం ఎటువంటిదో చెట్టుకు బెరడు అటువంటిది. పైన కనబడే గరుకు పొర జీవం లేని కణాలతో ఏర్పడినది. అది ఎండనుండి, పురుగులనుండి, గాయాలనుండి చెట్టును కాపాడుతుంది. దాని కింద జీవమున్న మెత్తని పొర ఒకటి ఉన్నది. ఆకులు తయారుచేసిన ఆహారం ఈ పొర గుండానే వేళ్లకు చేరుతుంది. ఈ పొరను చెట్టు చుట్టూ వలయంగా తొలగిస్తే వేళ్లకు ఆహారం అందక చెట్టు క్రమంగా చనిపోతుంది. మచ్చలు పోగొట్టాలని కత్తితో లోతుగా గీకేవారు తెలియకుండా చేసేది ఈ పనే. మచ్చ చేయని హాని కత్తి చేస్తుంది.

బెరడు మీద కనబడే గుర్తులన్నీ బయటినుండి వచ్చినవి కావు. కొన్ని ఆయా చెట్లకు పుట్టుకతో వచ్చినవి. లేత కొమ్మల మీద చుక్కల వలె కనబడేవి గాలి పీల్చుకొనే రంధ్రాలు. బూరుగు చెట్టు మొదలు మీద శంఖాకారపు ముళ్లు ఉంటాయి. జామ, తెల్లమద్ది, నీలగిరి చెట్ల పైపొర పెచ్చులుగా ఊడిపోయి, కింద నునుపైన కొత్తపొర కనబడుతుంది. దేవగన్నేరు కొమ్మల మీద గుండ్రని గుర్తులు రాలిన ఆకుల తొడిమల ఆనవాళ్లు. వేప, తుమ్మ చెట్లనుండి కారే బంక గాయాన్ని మూయడానికి చెట్టే తయారుచేసుకొన్న మందు. కొమ్మను నరికినచోట చుట్టూ ఉబ్బుగా పెరిగే అంచు, పుండు మానుతున్నదనడానికి గుర్తు. కాబట్టి ముందుగా ఆ జాతి చెట్టు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. అదే జాతికి చెందిన మరి రెండు మూడు చెట్లను చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

లైకెన్లు – ఇద్దరి కాపురం

బెరడు మీద కనబడే బూడిదరంగు, తెలుపు, లేత ఆకుపచ్చ, పసుపు మచ్చలలో ఎక్కువ భాగం లైకెన్లు. లైకెన్ అనేది ఒకే మొక్క కాదు. శిలీంధ్రం, శైవలం కలిసి కాపురం చేయగా ఏర్పడిన రూపం. శిలీంధ్రం ఇల్లు కట్టి, తేమను పట్టి ఉంచుతుంది. శైవలం సూర్యకాంతితో ఆహారం వండుతుంది. ఇద్దరూ పంచుకొని బతుకుతారు. లైకెన్ ఇటువంటి జంట జీవి అని 1867లో స్విట్జర్లాండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పినప్పుడు, చాలామంది పండితులు నమ్మలేదు. తరువాతి పరిశోధనలు ఆయన మాటనే నిలబెట్టాయి. కొన్ని లైకెన్లలో ఈస్టు జాతి శిలీంధ్రం మూడవ జీవిగా కూడా ఉన్నదని 2016లో బయటపడింది.

లైకెన్లకు వేళ్లు లేవు. కొన్నింటికి ఉండే సన్నని నూలుపోగులు బెరడును పట్టుకొని ఉండడానికే తప్ప, చెట్టు రసాన్ని పీల్చడానికి కావు. వాటికి కావలసిన నీరు వానలో, మంచులో, గాలిలోని తేమలో దొరుకుతుంది. చెట్టు వాటికి కూర్చోవడానికి పీట మాత్రమే. బండరాతి మీద, గుడి ప్రాకారం మీద, పెంకుల మీద కూడా ఇవి పెరగడమే దీనికి నిదర్శనం.

లైకెన్లను ఆకారాన్నిబట్టి మూడు విధాలుగా చెప్పుకోవచ్చు. మొదటిది సున్నం చల్లినట్లు బెరడుకు అంటుకొని ఉండే పొరరకం. దీనిని గోటితో ఊడదీయడం కష్టం. కంబం వంటి పల్లపు ప్రాంతాలలో ఎక్కువగా కనబడేది ఇదే. ఇందులో గ్రాఫిస్ అనే ప్రజాతి చూడ ముచ్చటగా ఉంటుంది. తెల్లని పొర మీద నల్లని వంకర గీతలు ఉండి, ఎవరో పలక మీద అక్షరాలు దిద్దినట్లు తోస్తుంది. రెండవది అంచులు పైకి లేచి, ముడుచుకొన్న ఆకులవలె ఉండే రకం. మూడవది చిన్న పొదలాగా, గడ్డంలాగా కొమ్మలనుండి వేలాడే రకం. కంబం ఊరు సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడినుండి కనుమదారిలో కుమిళికి ఎక్కితే ఎత్తు సుమారు 900 మీటర్లకు చేరుతుంది. ఎండ తగ్గి తేమ పెరిగేకొద్దీ ఆకురకపు లైకెన్లు ఎక్కువవుతాయి. కొడైకెనాలు వంటి చల్లని మలలలో గడ్డం లైకెన్లు కొమ్మకొమ్మకూ వేలాడుతూ ఉంటాయి.

ఆకురకపు లైకెన్లలో ఒకటి ఈ ప్రాంతంలో ప్రతి వంటింటికీ తెలుసు. మసాలా దినుసులలో వేసే రాతిపువ్వు లైకెనే. తమిళంలో దీనిని కల్పాసి అంటారు. బెరడు మీద కనబడితే తెగులని భయపడే దానికి చుట్టమైనదే కూరలో పడి ఘుమఘుమలాడుతున్నది! అయితే బెరడు మీది ప్రతి లైకెన్‌నూ వంటకు వాడరాదు. తినదగినది ఏదో తెలిసినవారే ఏరగలరు.

ఎండిపోతున్న చెట్ల మీద లైకెన్లు మరింత ఎక్కువగా కనబడడం చూసి, అవే చెట్టును చంపుతున్నాయని కొందరు అంటారు. ఇక్కడ కారణమూ ఫలితమూ తారుమారయ్యాయి. వేరు కుళ్లువల్లనో, నీరు అందకనో చెట్టు ఆకులు రాలుస్తుంది. కొమ్మల మధ్య ఎండ పడుతుంది. ఆ వెలుగు దొరికి లైకెన్లు పెరుగుతాయి. ముందు వచ్చినది చెట్టు జబ్బు, తరువాత వచ్చినవి లైకెన్లు.

హాని చేయకపోగా ఇవి ఒక మేలు కూడా చేస్తాయి. గాలిలో గంధకపు పొగ ఎక్కువైతే అనేక లైకెన్లు బతకలేవు. 1866లో విలియం నైలాండర్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్ నగరంలోని లక్సెంబర్గు ఉద్యానంలో ఉన్నన్ని లైకెన్లు ఆ నగరంలో ఇతర చోట్ల లేవని గమనించి, లైకెన్లు గాలి శుభ్రతకు కొలబద్దలని తెలిపాడు. భారతదేశంలో రెండువేలకు పైగా లైకెన్ జాతులను గుర్తించారు. లక్నోలో పనిచేసిన ధరణీధర్ అవస్థి ఈ శాస్త్రానికి మన దేశంలో పునాది వేసినవారిగా పేరుపొందారు. లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. అరచేయంత మచ్చను గీకివేయడానికి ఒక నిమిషం చాలు. అది మళ్లీ ఏర్పడడానికి ఏళ్లు కావాలి.

చెట్టెక్కిన ఇతర మొక్కలు

వానకాలంలో బెరడు మీద పచ్చని పట్టువలె పరచుకొనేది నాచు. కనుమల దగ్గర తేమగల చోట్ల తుప్పురంగు, నారింజరంగు పూత కనబడుతుంది. అది కూడా ఒక ఆకుపచ్చ శైవలమే. దానిలోని క్యారెట్ రంగు వంటి పదార్థం పచ్చదనాన్ని కప్పివేస్తుంది. కొమ్మల పంగలలో పెరిగే ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు కూడా చెట్టు మీద కూర్చునేవే గాని చెట్టును తినేవి కావు.

బదనిక మాత్రం వేరు. తమిళంలో దీనిని పుల్లురువి అంటారు. వేప, మామిడి, కానుగ మొదలైన చెట్ల కొమ్మల మీద ఆ చెట్టుకు పోలికలేని ఆకులతో గుబురు కనబడితే అది బదనిక కావచ్చు. దీనికి పచ్చని ఆకులున్నాయి గనుక ఆహారం తానే తయారుచేసుకొంటుంది. కాని నీటిని, లవణాలను చెట్టు కొమ్మలోనికి వేళ్లు దింపి పీలుస్తుంది. అతుకుకొన్నచోట కొమ్మ కణితివలె ఉబ్బుతుంది. బదనిక జిట్ట అనే చిన్న పిట్ట దీని పండ్లను తిని, జిగటగా ఉన్న గింజను మరొక కొమ్మకు రాస్తుంది. అక్కడ కొత్త బదనిక మొలుస్తుంది. కేవలం ఆకులు తుంచితే ఇది మళ్లీ చిగురిస్తుంది. పండ్లు రాకముందే, ఉబ్బుకు కొంత కిందగా కొమ్మను కోసివేయాలి.

పురుగుల గూళ్లు

దేవగన్నేరు, మందార మొదలైన వాటి లేత కొమ్మల మీద తెల్లని దూది వంటి ముద్దలు కనబడతాయి. ఇవి పిండినల్లి పురుగులు. తమిళంలో మావుపూచ్చి అంటారు. పుల్లతో కదిపితే పిండి చెదిరి, లోపల మెత్తని పురుగు కనబడుతుంది. కొన్ని కొమ్మల మీద గోధుమరంగు చిప్పలవలె, కదలకుండా అంటుకొని ఉండేవి పొలుసు పురుగులు. ఇవి రెండూ చెట్టు రసాన్ని పీలుస్తాయి. మిగిలిన తీపి రసాన్ని విసర్జిస్తాయి. ఆ తీపి కోసం చీమలు బారులు తీరుతాయి. ఆ రసం పడిన ఆకుల మీద, కొమ్మల మీద నల్లని మసి బూజు పెరుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే మసి పోతుంది గాని, పైనున్న పురుగు పోకపోతే మళ్లీ వస్తుంది.

పిండినల్లి ఎంత నష్టం చేయగలదో కోయంబత్తూరు ప్రాంతం చూసింది. 2008లో అక్కడ బొప్పాయి పిండినల్లి అనే విదేశీ పురుగు మన దేశంలో మొదటిసారిగా కనబడింది. బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలనే కాక మందార, దేవగన్నేరు వంటి పూలచెట్లను కూడా అది పట్టి పీడించింది. మందులు ఎన్ని చల్లినా పిండి పొర కింద ఉన్న పురుగు లొంగలేదు. దాని పుట్టినచోట దానికి శత్రువులైన చిన్న కందిరీగలను 2010లో ప్యూర్టోరికో నుండి తెప్పించి, పెంచి తోటలలో వదిలారు. ఆవగింజకన్నా చిన్నవైన ఆ కందిరీగలు పిండినల్లి శరీరంలో గుడ్లు పెట్టి దానిని అణచివేశాయి. పురుగును సరిగా గుర్తించినందువల్లనే దాని శత్రువును కూడా గుర్తించడం సాధ్యమయింది.

నిద్రగన్నేరు కొమ్మల చుట్టూ ముదురు ఎరుపు, గోధుమరంగు గట్టి పూత ఉంటే అది లక్క పురుగుల పని కావచ్చు. భారతంలో కౌరవులు కట్టించిన లక్క ఇల్లు అందరికీ తెలిసినదే. ఆ లక్కను ఇచ్చేది ఈ పురుగే. మోదుగు, రేగు చెట్ల మీద దీనిని పంటగా పెంచుతారు. అదే పురుగు నీడచెట్టు మీద ఎక్కువైతే కొమ్మలు ఎండుతాయి. బెరడు మీద మట్టిపొర కనబడితే అది చెదపురుగుల బాట. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మీద అవి సాధారణంగా ఎండిన పైపొరనే తింటాయి. చీపురుతో మట్టిని దులిపి, కింద కర్ర గట్టిగా ఉన్నదో లేదో చూడాలి.

అసలైన హెచ్చరిక

బెరడు మీద కనబడే వాటన్నింటిలో ఎక్కువ జాగ్రత్తగా చూడవలసినది మొదట్లో పుట్టే చెక్క పుట్టగొడుగు. తురాయి వంటి చెట్ల అడుగున, వేళ్లు నేలలోకి దిగేచోట వానల తరువాత ఇది పుడుతుంది. విసనకర్రవలె, గూటిపలకవలె బయటికి చాచుకొని ఉంటుంది. పైభాగం ఎరుపు గోధుమరంగులో, వార్నీషు పూసినట్లు మెరుస్తుంది. అంచు తెల్లగా ఉంటుంది. ఇది గానోడెర్మా అనే శిలీంధ్రపు పండు. చెట్టుకు కాయ ఎటువంటిదో ఈ శిలీంధ్రానికి పుట్టగొడుగు అటువంటిది. దాని అసలు శరీరం దారాల రూపంలో చెట్టు లోపల ఉండి, వేళ్లను, మొదలును కుళ్లబెడుతూ ఉంటుంది. పుట్టగొడుగు బయట కనబడే నాటికి లోపల కుళ్లు చాలాదూరం పాకి ఉంటుంది. పుట్టగొడుగును పీకివేసినంత మాత్రాన జబ్బు పోదు. గుర్తు మాత్రమే పోతుంది.

కొబ్బరిని కూడా ఈ శిలీంధ్రం పట్టుతుంది. మొదలు దగ్గర పగుళ్లనుండి ఎర్రటి గోధుమరంగు ద్రవం కారడం దీనికి తొలి గుర్తు. 1952లో తుపాను తరువాత తంజావూరు జిల్లాలో ఎక్కువగా కనబడినందువల్ల దీనికి తంజావూరు వాడుతెగులు అనే పేరు వచ్చింది. కొబ్బరితోటలు నిండిన కంబం లోయలో ఈ గుర్తును ఎరిగి ఉండడం రైతుకు ఎంతో అవసరం.

ఈ శిలీంధ్రాలకు దారి చూపేది చాలాసార్లు మనిషే. ప్రకటన పలకలను మేకులతో చెట్టుకు కొట్టడం, మొదలు చుట్టూ సిమెంటు వేసి వేళ్లను నరకడం, చెత్తకుప్పను చెట్టు అడుగున కాల్చడం వంటివి బెరడుకు గాయాలు చేస్తాయి. ఆ గాయమే శిలీంధ్రానికి వాకిలి. రహదారి చెట్ల మొదళ్లకు వేసే తెలుపు, నలుపు పట్టెలు రాత్రివేళ బండ్లు నడిపేవారికి ఉపయోగపడతాయి. కాని ఆ రంగు కింద పగుళ్లు, కారుడు కనబడకుండా పోతాయి. అందుచేత రంగు వేసేముందు మొదలును ఒకసారి చూడడం మంచిది.

గుర్తించే క్రమం

బెరడు మీద కొత్తది కనబడినప్పుడు ఈ వరుసలో పరిశీలించాలి.

1. ఎక్కడ ఉన్నది? బెరడు అంతటా చదునుగా పరచుకొని ఉంటే లైకెన్ లేదా నాచు కావచ్చు. లేత కొమ్మల మీద గుంపులుగా ఉంటే పురుగు కావచ్చు. మొదట్లో, పాతగాయం దగ్గర బయటికి చాచుకొని ఉంటే కుళ్లబెట్టే శిలీంధ్రం కావచ్చు.

2. నీరు చల్లితే ఏమవుతుంది? లైకెన్ తడిసిన కొద్దిసేపటికి దానిలోని శైవలం కనబడి ఆకుపచ్చరంగు తేరుతుంది. సున్నపు మరక అలా మారదు.

3. పుల్లతో మెల్లగా తాకితే ఏమవుతుంది? పొలుసు పురుగు చిప్పవలె ఊడివస్తుంది. పిండినల్లి పిండి చెదురుతుంది. పొరరకపు లైకెన్ ఊడదు.

4. చీమలు, నల్లని మసి ఉన్నాయా? ఉంటే రసం పీల్చే పురుగు దగ్గరలో ఉన్నట్లే.

5. చెట్టు తల ఎలా ఉన్నది? చిగుళ్లు పచ్చగా ఉన్నంత మాత్రాన భయం లేదని చెప్పలేము. ఒకవైపు కొమ్మలు ఎండుతూ, మొదట్లో పుట్టగొడుగు ఉండి, కర్రతో తట్టితే డొల్ల చప్పుడు వస్తే ఆ చెట్టు కింద ఎవరూ కూర్చోరాదు. వెంటనే పెద్దలకు, పురపాలక సంఘం వారికి తెలియజేయాలి.

ఈ అయిదు ప్రశ్నలకు జవాబు చూడకుండా కత్తిని గాని మందును గాని చేతిలోకి తీసుకోరాదు. వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. చెట్టుకు నోరు లేదు. బెరడే దాని నాడి. నీడనిచ్చే చెట్టును అనవసరంగా గాయపరచకుండా ఉండడం, కూలబోయే చెట్టునుండి మనుషులను కాపాడడం రెండూ ఆ నాడిని చదవడం మీదనే ఆధారపడి ఉన్నాయి.

అభ్యాసం

1. లైకెన్లు చెట్టుకు హాని చేయవని ఎట్లా చెప్పగలరు?
2. ఎండిపోతున్న చెట్ల మీద లైకెన్లు ఎక్కువగా ఉండడానికి కారణమేమి?
3. బదనికకు, ఆర్కిడ్‌కు గల భేదమేమి?
4. చెక్క పుట్టగొడుగును పీకివేస్తే చెట్టు జబ్బు ఎందుకు పోదు?
5. మీ బడి ఆవరణలోని మూడు చెట్ల మొదళ్లను పరిశీలించి, కనబడిన మచ్చల రంగు, ఆకారం, ఉన్నచోటు పట్టికగా రాయండి. ఆ చెట్ల పేర్లను తెలుగులోను, తమిళంలోను రాయండి.